1818 హనుమంతుడి నాణెం: బాగా చదువుకున్నవాళ్ళు బోల్తాపడ్డ కేసులు చెప్పండి

కృష్ణలంక_కుర్రాడు
మా బాబాయి రిటైర్డ్ హెడ్మాస్టరు. లెక్కల్లో పులి, ఇంగ్లీషులో సింహం. ఆయనకి ఎవడో వాట్సాప్‌లో రాగి నాణెం ఫొటో పంపాడు. ఒక వైపు గద పట్టుకున్న హనుమంతుడు, ఇంకో వైపు "ఈస్ట్ ఇండియా కంపెనీ, ఆనా, 1818". ఫారిన్‌లో కోట్లు పలుకుతుందట, పైగా బియ్యపు గింజల్ని తనవైపు లాక్కుంటుందట. ముందుగా "టెస్టింగ్ ఫీజు" కడితే చాలట. పిన్ని ఫోన్ చేసి ఒకటే గోల. నేను "అది ఫేక్ బాబాయ్" అంటే "నిన్నగాక మొన్న పుట్టావు, నీకేం తెలుసురా" అనేశారు. ఆయన పరువు పోకుండా నచ్చజెప్పాలి. పెద్ద పెద్ద పండితులు, మేధావులు నకిలీలకి బోల్తాపడ్డ కేసులుంటే ఇక్కడ వేయండి. అమాయకుల కథలు మాత్రం వద్దు, "నేనూ వాళ్ళూ ఒకటేనా" అంటారు.

సీమ_మిర్చి
రైస్ పుల్లింగ్! ఇంకా బతికే ఉందా ఈ యాపారం? మా వైపు ఇది చెంబు రూపంలో వచ్చింది. పిడుగు పడిన రాగి చెంబంట, అందులో ఇరీడియం పుట్టిందంట, నాసావాళ్ళు కొంటారంట. నాసావాళ్ళకి పనీపాటా లేక ధర్మవరం పక్క పల్లెలకొచ్చి చెంబులు ఏరుకుంటారు మరి.

పాతనాణెం
నాణేలు పోగుచేసేవాడిగా చెబుతున్నా, ఆ బిళ్ళలు తిరునాళ్ళలో అమ్మే సరుకు. రామదర్బారు, హనుమంతుడు, 1616, 1717, 1818 అని వరసగా సంవత్సరాలు వేస్తారు. అంకెల వరస చూస్తేనే నవ్వొస్తుంది. 1616 నాటికి కంపెనీకి బందర్లో, సూరత్‌లో సరుకు దాచుకునే కొట్లు తప్ప మనదేశంలో గజం రాజ్యం లేదు. ఆనాలు ఎవరికోసం కొడుతుంది? దేవుడి బొమ్మతో కంపెనీ నాణెం అంటేనే దొంగ నాణెం. బాబాయిగారికి ఈ ఒక్క ముక్క చాలు.

లెక్కలమాస్టారు
@పాతనాణెం మీ తీర్పు సరైనదే, కారణం మాత్రం సరిగా లేదు. దేవుడి బొమ్మతో కంపెనీ నాణేలు ఉన్నాయి. మద్రాసులో కొట్టిన బంగారు వరహాల మీద వేంకటేశ్వరుడు, రెండు పక్కలా దేవేరులు ఉంటారు. ఇంగ్లీషువాళ్ళు వాటిని "మూడు స్వాముల పగోడా" అన్నారు. మీ వాదన పట్టుకుని వెళితే హెడ్మాస్టరుగారు ఆ వరహా ఫొటో చూపించి మన కుర్రాడి నోరు మూయిస్తారు.

పాతనాణెం
మాస్టారూ, వరహా వేరు, రాగి ఆనా వేరు. నేను మాట్లాడింది ఆనా గురించి. జనం వరహాలే ఎరుగుదురు, వరహా మీద స్వామి ఉంటేనే చేతిలోకి తీసుకుంటారు, అందుకని కంపెనీ కూడా పాత వరహాల పోలికలోనే కొట్టింది. అలా చూస్తే ఆ వరహాయే ఒక ఇమిటేషన్ :)

లెక్కలమాస్టారు
ఇమిటేషన్ సరే, బంగారం మాత్రం అసలుదేగా.

టీచరమ్మ
మేధావే కావాలంటే ఫ్రెంచి తత్వవేత్త వోల్టేర్‌ని మించినవాడు దొరకడు. కథ కాస్త పొడుగు, ఓపిక చేసుకోండి.

1760లో మోదావ్ అనే ఫ్రెంచి సైనికాధికారి ఇండియా నుంచి వెళ్తూ ఒక రాతప్రతి పట్టుకెళ్ళి వోల్టేర్‌కి ఇచ్చాడు. పేరు "ఎజూర్వేదం". యజుర్వేదానికి ఫ్రెంచి అనువాదం అనుకున్నారు. లోపల సుమంతుడూ వ్యాసుడూ మాట్లాడుకుంటుంటారు. వ్యాసుడు పురాణ కథలు చెబుతాడు, సుమంతుడు ఒక్కోదాన్నీ ఖండిస్తూ దేవుడు ఒక్కడే, విగ్రహాలు తప్పు అంటాడు. వోల్టేర్ పొంగిపోయాడు. చర్చి మీద ఆయనకి కోపం కదా. బైబిలుకంటే ముందే, అలెగ్జాండర్ దండయాత్రకి పూర్వమే ఇండియాలో ఇంత శుద్ధమైన ఏకేశ్వరవాదం ఉందని తన పుస్తకాల్లో ఎక్కించాడు. ప్రతిని ఎంతో గొప్ప నిధిలా పారిస్ రాజ గ్రంథాలయానికి అప్పగించాడు. 1778లో అచ్చు కూడా అయ్యింది.

అది వేదం కాదు, ఏమీ కాదు. మనదేశంలో ఉన్న ఫ్రెంచి జెస్యూట్ పాదిరీలు, హిందువుల్ని తమ మతంలోకి తెచ్చుకునే వాదనల కోసం తయారుచేసుకున్న పుస్తకం. చర్చిని కొట్టడానికి వోల్టేర్ ఎత్తిన కర్ర చర్చివాళ్ళు చెక్కిందే!

నాకు మరీ కడుపు మండే సంగతి ఇంకోటుంది. కాల్మెట్ అని ఒక జెస్యూట్, మన తెలుగుదేశంలోనే పనిచేసినవాడు, 1730ల్లోనే అసలు వేదాల ప్రతులు సంపాదించి పారిస్‌కి పంపాడు. అవి అదే రాజ గ్రంథాలయంలో ఉన్నాయి. చదివే నాథుడు లేడు, సంస్కృతం వస్తే కదా. అసలుది మూటగట్టి ఉంది, నకిలీది ఫ్రెంచిలో ఉంది కాబట్టి ఊరంతా చదివింది.

బందరు_లడ్డూ
ఆ కథలో మా ఊరు వదిలేశారేంటి టీచరమ్మా! 1782లో సొన్నరా అనే ఫ్రెంచి యాత్రికుడు "ఇది వేదమూ కాదు, పాడూ కాదు, మచిలీపట్నంలో ఒక మిషనరీ రాసిన వాదగ్రంథం" అని పుస్తకంలో రాసేశాడు. కలంకారీకీ లడ్డూకీ తోడు దొంగవేదం కూడా మా ఖాతాలోదే.

డల్లాస్_డప్పు
సంబరపడకు లడ్డూ. ఆ పుస్తకంలో సుమంతుణ్ణి "షుమొంతు" అనీ, వ్యాసుణ్ణి "బియాష్" అనీ రాశారు. బందర్లో ఎవడైనా వ్యాసుణ్ణి బియాష్ అంటాడా? అది బెంగాలీ నోరు. ఫ్రెంచివాళ్ళకి బెంగాల్లో చందర్‌నగర్ ఉండనే ఉంది.

బందరు_లడ్డూ
బెంగాలీ పంతుల్ని పెట్టుకుని బందర్లో రాసుండకూడదా? మా ఊరి రేవుకి అన్ని రకాల జనం వచ్చేవాళ్ళు. నా దొంగవేదాన్ని నేను వదులుకోను.

టీచరమ్మ
ఎవరు రాశారన్నది ఇప్పటికీ తేలలేదు, ఇద్దరూ కొట్టుకోకండి. గుట్టు బయటపడింది పాండిచ్చేరిలో. మద్రాసు కలెక్టరుగా ఉన్న ఎల్లిస్ అక్కడి మిషనరీల గ్రంథాలయంలో ఇలాంటివే మరికొన్ని ప్రతులు చూశాడు. ఒక పేజీలో రోమన్ అక్షరాల్లో సంస్కృతం, ఎదుటి పేజీలో ఫ్రెంచి. ఆ బెంగాలీ ఉచ్చారణ సంగతి కూడా ఆయనే పట్టాడు. అంతకుముందటి జెస్యూట్ పాదిరీ రాబర్ట్ డి నొబిలీ మీద అనుమానపడ్డాడు కానీ తర్వాతివాళ్ళు ఒప్పుకోలేదు. ఎల్లిస్ 1819లో పోయాడు, ఆయన వ్యాసం 1822లో అచ్చయింది. ఈ ఎల్లిసే 1816లో క్యాంబెల్ తెలుగు వ్యాకరణానికి ముందుమాట రాస్తూ, తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదు, తమిళ కన్నడాలతో చుట్టరికం ఉన్న భాష అని చూపించినాయన.

మౌనంగా_చదివేవాడు
పాదిరీలు దాన్ని అసలు వేదం అని ఎవరికైనా అమ్మారా? లేకపోతే అది ఫేక్ ఎలా అవుతుంది? ప్రచారం కోసం రాసుకున్నారు, వోల్టేర్ తనంతట తానే వేదం అనుకున్నాడు. తప్పు కొన్నవాడిదా, అమ్మినవాడిదా?

సీమ_మిర్చి
మౌనంగా చదివేవాడు మౌనం వదిలితే ఇట్లే ఉంటాది.

టీచరమ్మ
@మౌనంగా_చదివేవాడు మంచి ప్రశ్న. కానీ పేరులోనే వేదం అని పెట్టి, వ్యాసుడి నోట చెప్పించినప్పుడు దాన్ని అమాయకపు రచన అనడానికి నాకు మనసొప్పదు. తమ సొంత వాదన అయితే తమ పేరుతో రాసుకోవచ్చు కదా.

కృష్ణలంక_కుర్రాడు
అప్‌డేట్. వోల్టేర్ కథ బాబాయికి చదివి వినిపించా. చాలా శ్రద్ధగా విన్నారు. చివర్లో "వోల్టేర్ డబ్బేమీ పోగొట్టుకోలేదుగా?" అన్నారు. డబ్బు పోయిన కేసులు కావాలి, అర్జెంటు.

బొమ్మలపిచ్చి
డబ్బు పోయిన కేసు కావాలా, అయితే హాలెండ్ వెళ్దాం.

హాన్ వాన్ మీగెరెన్ అని ఒక చిత్రకారుడు. ఇతని బొమ్మల్ని విమర్శకులు పట్టించుకోలేదు. 17వ శతాబ్దపు డచ్ చిత్రకారుడు వెర్మీర్ వేసిన బొమ్మలు చాలా తక్కువ, దొరికితే బంగారమే. ఇతను ఆ కాలపు పనికిరాని పాత బొమ్మలు కొని, రంగు గీకేసి, అదే గుడ్డ మీద వెర్మీర్‌లా వేశాడు. చిక్కంతా రంగు దగ్గరే. నూనెరంగు లోపలిదాకా గట్టిపడటానికి దశాబ్దాలు పడుతుంది, కొత్త రంగైతే స్పిరిట్ అద్దిన దూదితో రుద్దితే ఊడొస్తుంది. అందుకని నూనె బదులు బేకలైట్ తయారీలో వాడే రసాయనాలు కలిపి, బొమ్మని ఓవెన్లో పెట్టి కాల్చాడు. తర్వాత గుడ్డని గొట్టానికి చుట్టి పగుళ్ళు తెప్పించి, ఆ పగుళ్ళలో నల్లసిరా పట్టించాడు, వందల ఏళ్ళ మురికిలా కనబడాలని.

1937లో బ్రెడియస్ అనే పెద్దాయన, డచ్ చిత్రకళలో ఆయన మాటే వేదవాక్కు, ఆ బొమ్మ చూసి వెర్మీర్ వేసిన వాటిలోకెల్లా గొప్పది ఇదేనని పత్రికలో రాశాడు. రోటర్‌డామ్‌లోని బోయిమన్స్ మ్యూజియానికి అయిదు లక్షల గిల్డర్లకి పైనే పెట్టి కొన్నారు.

అసలు తమాషా యుద్ధంలో. ఇతని ఇంకో "వెర్మీర్" హిట్లర్ కుడిభుజం గోరింగ్ చేతికెళ్ళింది. బదులుగా గోరింగ్ తాను దోచుకున్న బొమ్మలు నూటికి పైగా ఇచ్చాడు. 1945లో జాతి సంపదని నాజీలకి అమ్మాడని వాన్ మీగెరెన్‌ని పట్టుకున్నారు. అప్పుడు కక్కాడు, "అది వెర్మీర్ కాదు, నేనే వేశాను" అని. ఎవరూ నమ్మలేదు! నమ్మించడానికి కాపలావాళ్ళ ముందు కూర్చుని ఇంకో బొమ్మ వెయ్యాల్సి వచ్చింది. 1947 నవంబర్లో ఏడాది శిక్ష వేశారు, జైలుకెళ్ళకుండానే డిసెంబర్లో పోయాడు.

సీమ_మిర్చి
"సార్, నేను దొంగోణ్ణే, నమ్మండి సార్" అని బతిమాలుకున్న మొదటి దొంగ.

డల్లాస్_డప్పు
ఆ బొమ్మలు ఇప్పుడు నెట్‌లో చూడండి. కళ్ళు బరువుగా వాలిపోయి, ముఖాలు పీక్కుపోయి, 1930ల సినిమా తారల్లా ఉంటాయి. వెర్మీర్ పక్కన పెడితే చిన్నపిల్లలు కూడా పట్టేస్తారు. ఆ రోజుల్లో పండితులకి ఎందుకు కనబడలేదో నాకు అర్థం కాదు.

బొమ్మలపిచ్చి
కనబడకపోవడానికి కారణం అదే. 1930ల్లో బతుకుతున్నవాళ్ళ కళ్ళకి 1930ల ముఖం మామూలుగానే ఉంటుంది. ఇంకో సంగతి, వెర్మీర్ కుర్రతనంలో ఇటలీ ప్రభావంతో మతపరమైన బొమ్మలు ఇంకా వేసుండాలి అని పండితులు ముందే సిద్ధాంతం కట్టుకుని కూర్చున్నారు. వాన్ మీగెరెన్ ఆ ఖాళీకి కొలిచి బొమ్మ కుట్టాడు.

లెక్కలమాస్టారు
పిల్ట్‌డౌన్ మనిషి కూడా అదే బాపతు. 1912, ఇంగ్లండ్. కోతికీ మనిషికీ నడిమి జీవి కోసం అందరూ వెతుకుతున్నారు, సస్సెక్స్‌లో కంకర గోతిలోంచి చార్లెస్ డాసన్ అనే లాయరు పుర్రె ముక్కలు తెచ్చిచ్చాడు. పుర్రె మనిషిది, దవడ ఒరాంగుటాన్‌ది. పళ్ళు ఆకురాయితో అరగదీసి, ఎముకలకి రంగు పట్టించారు. బ్రిటిష్ మ్యూజియం పెద్దలు కళ్ళకద్దుకున్నారు. 1953 దాకా బయటపడలేదు. అదే గోతిలో ఏనుగు ఎముకతో చేసిన పనిముట్టు కూడా దొరికింది, అచ్చం క్రికెట్ బ్యాట్‌లా ఉంటుంది. మొట్టమొదటి ఇంగ్లీషువాడు క్రికెట్ ఆడకుండా ఎలా ఉంటాడు మరి.

కృష్ణలంక_కుర్రాడు
బొమ్మ కథకి బాబాయి కదిలారు. "అయిదు లక్షలా?" అని రెండుసార్లు అడిగారు. ఇంకోటి ఉంటే ఈ ఊపులో కొట్టేద్దాం.

డల్లాస్_డప్పు
హిట్లర్ డైరీలు. 1983లో జర్మనీ పత్రిక స్టెర్న్ తొంభై మూడు లక్షల మార్కులు పోసి కొంది. పేరుమోసిన చరిత్రకారుడు ట్రెవర్ రోపర్ మొదట అసలువే అన్నాడు. కూయావ్ అనేవాడు దుకాణంలో దొరికే నోటు పుస్తకాలు కొని, టీ డికాక్షన్ పోసి పాతబరిచి రాసిన సరుకది. అట్ట మీద పొడి అక్షరాలు కూడా తప్పు, గోతిక్ అక్షరం పోల్చుకోలేక "ఎ.హెచ్." బదులు "ఎఫ్.హెచ్." అంటించాడు. యుద్ధం తర్వాత వాడుకలోకొచ్చిన తెల్లరసాయనం కాగితంలో ఉందని ప్రభుత్వ లాబ్‌లో తేలింది. లాబ్ రిపోర్టు రాకముందే పత్రిక అచ్చేసింది. బాబాయిగారికి చెప్పాల్సిన పాయింటు అదే, టెస్టు మనం ఎంచుకున్న చోట చేయించాలి, అమ్మేవాడు చెప్పిన చోట కాదు.

సీమ_మిర్చి
మన దగ్గర పురాతన కాలం నుంచే ఉన్నాయి ఇట్లాంటివి. శాసనాలు చదివేవాళ్ళని అడగండి, దొంగ తామ్రశాసనాలు చెబుతారు. భూమి నాదంటే నాదని తగువొస్తే, ఏనాటి రాజో మా ముత్తాతకి ఇచ్చినాడని రాగిరేకు చెక్కించుకోవడం. కన్నడ దేశంలో ఏకంగా భారతంలోని జనమేజయుడి పేరుతోనే దానశాసనాలు దొరికినాయి! శాసనాలు చదివే ఫ్లీట్ దొర ఇట్లాంటివి పట్టుకోవడమే పనిగా పెట్టుకున్నాడు. గంగరాజుల రేకులు చానా వాటిని దొంగవని కొట్టిపారేసినాడు.

లెక్కలమాస్టారు
పట్టేది ఎలాగంటే, ఒకటి లిపి. అయిదో శతాబ్దం అని రాసుకుని పదో శతాబ్దపు అక్షరాలు చెక్కితే దొరికిపోతాడు. రెండు పంచాంగం. శకసంవత్సరం, తిథి, వారం, గ్రహణం అన్నీ వేస్తారు కదా, వెనక్కి లెక్కగడితే ఆ తిథికి ఆ వారం కలవాలి. హెడ్మాస్టరుగారికి ఈ లెక్క నచ్చుతుంది. అయితే ఫ్లీట్ కొట్టేసినవన్నీ దొంగవి కావు, తర్వాతివాళ్ళు కొన్నింటిని మళ్ళీ నిలబెట్టారు. ఇంకో చిక్కుంది, పాత రేకు పోతేనో అరిగిపోతేనో మళ్ళీ రాయించుకున్న నకళ్ళూ ఉంటాయి. అక్షరం కొత్తది, దానం నిజమైనది. దాన్ని ఏమంటారు?

టీచరమ్మ
యూరప్‌లో పోప్‌లు కూడా ఇదే చేశారు. రోమన్ చక్రవర్తి కాన్‌స్టంటైన్ పడమటి రాజ్యమంతా పోప్‌కి రాసిచ్చాడని ఒక దానపత్రం శతాబ్దాలు చెలామణి అయ్యింది. 1440లో లొరెంజో వల్లా అనే ఇటలీ పండితుడు అందులోని లాటిన్ ఆ కాలంది కాదని ఉతికి ఆరేశాడు.

పుట్టపాక_పోరి
మీరందరు వోల్టేర్, హిట్లర్ అంటున్నరు గానీ మా బాధ ఎవలకు చెప్పాలె? మా ఇంట్ల మగ్గం మీద ఇకత్ చీర దింపాలంటే ముందుగాల నూలు పోగులకు లెక్కప్రకారం చిటికి కట్టి, రంగుల ముంచి, విప్పి, మళ్ళ కట్టి, మళ్ళ ముంచి, గప్పుడు నేసుడు. రోజులకు రోజులు పడతది. అదే డిజైన్ ఫోన్ల ఫొటో తీసుకపోయి మిల్లుల ప్రింట్ గొట్టి "పోచంపల్లి" అని మా చీర ధరల పావు వంతుకు అమ్ముతున్నరు. కొన్నోళ్ళు మల్ల మమ్మల్నే అంటరు, మీరు ఎక్కువ చెప్తున్నరని.

మౌనంగా_చదివేవాడు
కానీ అక్కా, డిజైన్ ఎవడబ్బ సొత్తు? పావు వంతు ధరకి దొరికితే పేదోళ్ళు కూడా ఆ అందం కట్టుకుంటారు. "ప్రింటు" అని చెప్పి అమ్మితే తప్పేముంది?

పుట్టపాక_పోరి
చెప్పి అమ్మితే నాకేం లొల్లి లేదు. ప్రింట్ అని చెప్పి అమ్మినోని నువ్వు సూశినవా? నేనైతే సూడలె.

బందరు_లడ్డూ
అక్క చెప్పింది కొత్త గొడవేం కాదు. మా కలంకారీ వెళ్ళి యూరప్‌లో పడ్డప్పుడు అక్కడి నేతగాళ్ళు లబోదిబోమన్నారు. ఫ్రాన్స్ 1686లో నిషేధించి 1759 దాకా ఎత్తలేదు. లండన్‌లో 1719లో అద్దకపు గుడ్డలు కట్టుకున్న ఆడవాళ్ళ మీద నేతగాళ్ళు వీధుల్లో పడి చింపేశారు. ఇంకో పక్క అదే అద్దకం దొంగిలించే పని. కర్డూ అనే జెస్యూట్, తెలుగు బాగా వచ్చినవాడే, 1742లో కోరమాండల్ నుంచి ఉత్తరం రాశాడు. గుడ్డకి కరక్కాయ, గేదెపాలు ఎలా పట్టించాలి, ఏ రంగు ముందు, ఏది తర్వాత, అన్నీ వివరంగా. చెప్పింది ఎవరు? అతని దగ్గర కొత్తగా మతం పుచ్చుకున్న అద్దకపువాళ్ళే.

టీచరమ్మ
1866లో ఇంకా పద్ధతిగా చేశారు. ఫోర్బ్స్ వాట్సన్ మనదేశపు గుడ్డల నమూనాలు 700 కత్తిరించి 18 సంపుటాల్లో అంటించాడు. చీర ఎన్ని గజాలు, పాగా ఎంత వెడల్పు, అంచు ఎలా ఉండాలి, అన్నీ రాసి మరీ. ఇంగ్లండు మిల్లులవాళ్ళు చూసి అలాంటివే నేసి మనకే అమ్ముకోవడానికి. కొన్ని సెట్లు ఇండియాకీ పంపారు. అందులో దాపరికమేమీ లేదు, సర్కారీ పని. వోల్టేర్ సంగతి విని నవ్వుకుంటాం కానీ, నాకు ఆ ముక్కలు అంటించిన పుస్తకమే ఎక్కువ బాధనిపిస్తుంది.

డల్లాస్_డప్పు
@టీచరమ్మ ఇమిటేషన్‌ని మోసంతో కలిపేస్తున్నారు. మిల్లువాడు చౌక గుడ్డ అమ్మాడు, అది పోటీ. వాన్ మీగెరెన్ వెర్మీర్ పేరు పెట్టి అమ్మాడు, అది దొంగతనం.

పుట్టపాక_పోరి
అన్నా, మగ్గం అమ్ముకొని కూలికి పోయినోనికి రెండూ ఒక్కటే.

కృష్ణలంక_కుర్రాడు
బాబాయి ఫీజు కట్టడం మానుకున్నారు. నాణెం అమ్ముతానన్నవాణ్ణి "ఆ నాణెం నా ఎదురుగా కంసాలి దగ్గర పెట్టు" అన్నారట, వాడు నంబరు బ్లాక్ చేశాడు. పిన్ని మీ అందరికీ థాంక్స్ చెప్పమంది. ఇప్పుడామెకి వేరే దిగులు, పెళ్ళికి కొన్న పోచంపల్లి అసలుదో కాదో అని. ఎలా చూడాలి?

పుట్టపాక_పోరి
తిరగేసి సూడమను. ఇకత్‌ల రంగు పోగుకే పడతది, గందుకే ముందెనుకల ఒక్కతీరుగ కనబడ్తది. ప్రింట్‌ది ఎన్కకెళ్ళి ఎలిసినట్టు ఉంటది. బుట్ట అంచు దగ్గర సూడాలె, అసలుదాంట్ల గీత నిలకడగ ఉండదు, జర పక్కకు పాకినట్టు ఉంటది. గీత గీశినట్టు నున్నగ ఉన్నదంటే అనుమానపడాలె. రెండు దిక్కుల ప్రింట్ గొట్టేటోళ్ళు గూడ ఉన్నరు, వాళ్ళను పట్టాలంటే కొంగు అంచుల ఒక పోగు గుంజి సూడాలె. పోగు పొడుగూత ఏడికాడికి రంగు మారుతుంటే, ఆ రంగు నడిమిదాక దిగి ఉంటే మాది.

బొమ్మలపిచ్చి
మరి కలంకారీకి? మా వీధి చివర షాపులో అన్నీ "ప్యూర్ కలంకారీ"యే.

బందరు_లడ్డూ
కొత్త గుడ్డయితే వాసన చూడు. కరక్కాయా పాలూ పట్టిన గుడ్డకి ఒక పచ్చి వాసన ఉంటుంది, నాలుగు ఉతుకులకి గానీ పోదు. అచ్చు అద్దకం అయితే అచ్చుకీ అచ్చుకీ మధ్య అతుకు దగ్గర ఎక్కడో ఒక చోట వెంట్రుకవాసి తేడా దొరుకుతుంది. గజాల కొద్దీ ఒక్క తేడా కూడా లేదంటే మిషనే. బందరు పక్కనే ఉన్న పెడనలో కూడా ఇప్పుడు స్క్రీన్ ప్రింటు వేసేవాళ్ళున్నారు, ఊరి పేరు చూసి మోసపోకు.

డల్లాస్_డప్పు
ఇక్కడ ఇండియన్ స్టోర్లో "మచిలీపట్నం హ్యాండ్ కలంకారీ" అని నైటీలు వేలాడుతున్నాయి. మా ఆవిడ రెండు తెచ్చింది. లేబుల్ మీద హండ్రెడ్ పర్సెంట్ పాలిస్టర్ అని ఉంది.

బందరు_లడ్డూ
పాలిస్టర్‌కి కరక్కాయ పట్టదు బ్రదర్. చెల్లెమ్మకి నువ్వే చెప్పుకో, నన్ను లాగకు.